మార్కులు లేని పదిహేడో ప్రశ్న

ఎంట్రీ 1. మే 3

కోర్సులకు ప్రశ్నలు రాసేవాళ్ళంతా ఇకమీదట రోజువారీ చిట్టా రాయాలని కమిటీ కొత్త రూలు పెట్టింది. రాయమన్నారు, రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఓపిక ఉందో లేదో నాకు తెలియదు.

నా పేరు కనకలక్ష్మి. ఎనిమిదో ఇంక్లైనులో అందరూ కనకక్క అంటారు. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు తీసేవాళ్ళు. ఇప్పుడు మనుషులం ఉంటున్నాం. పైన ఎండ యాభై ఆరు దాటుతున్నప్పుడు కింద ముప్పై మూడుతో బతికేస్తున్నామంటే అది ఫ్యాన్ల పుణ్యం, గాలి తలుపుల పుణ్యం. వాటిని నడపడం పెద్దవాళ్ళందరికీ వంతులవారీగా వస్తుంది కాబట్టి అందరూ కోర్సులు చదవాల్సిందే. ఇంట్లో గోడ తెర ముందు కూర్చుని పాఠం వినడం, ప్రాక్టీసు చేయడం, తర్వాత హాల్లో కాగితం మీద పరీక్ష రాయడం.

పరీక్ష ప్రశ్నలు వేరేవాళ్ళు రాస్తారు. వాటికి మార్కులు, లైసెన్సులు ఉంటాయి. నేను పదమూడేళ్ళుగా ప్రాక్టీసు ప్రశ్నలు రాస్తున్నాను. వాటికి ఏమీ ఉండవు. ప్రతి పాఠం చివర తెర మీద రెండు వాక్యాలు వస్తాయి: "ఈ ప్రశ్నలకు మార్కులు లేవు. మీ జవాబు ఎవరూ చూడరు." ఆ రెండు వాక్యాల కోసం నేను కమిటీతో రెండేళ్ళు కొట్లాడాను.

ఎందుకు కొట్లాడానో కూడా రాస్తాను. మా అన్న ఓదెలు చదివే రోజుల్లో ప్రాక్టీసుకూ మార్కులుండేవి. తప్పు నొక్కితే పేరు గోడ మీద పడేది. తెలియదని చెప్పుకోవడానికి మనిషికి జాగా లేదు. మా అన్న పక్కవాళ్ళ జవాబులు చూసి నొక్కాడు, పాసయ్యాడు. నాలుగో పంపు దగ్గర నీళ్ళు ముంచుకొచ్చిన రోజు ఏ వాల్వు ముందు తిప్పాలో తెలియక అక్కడే మునిగిపోయాడు. ఆయన కూతురు సమ్మక్కకు అప్పుడు తొమ్మిదేళ్ళు. తల్లి అంతకుముందే పోయింది. ఆ పిల్లను నేనే పెంచాను, ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటుంది.

ఇక ఇవాళ్టి పని. ఎవరు ఏం నొక్కారో మెషిన్ దాచదు కానీ, ఏ రికార్డింగు ఎన్నిసార్లు మోగిందో మాత్రం లెక్క చూపిస్తుంది. నా పద్ధతి ఇదీ: ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు. సరైనది నొక్కితే గంట మోగి తర్వాతి ప్రశ్న వస్తుంది. తప్పు నొక్కితే నా గొంతు వస్తుంది. ఎక్కడ తప్పారో చెబుతాను, కాస్త తిడతాను కూడా. తెలిసినవాళ్ళకు చెప్పేదేముంది, తెలియనివాళ్ళకే కదా చెప్పాలి.

గాలి తలుపుల కోర్సులో పదిహేడో ప్రశ్న: "ఐదో సొరంగంలో పొగ కమ్మింది. ఏ తలుపు తెరుస్తావు?" ఐదో తలుపు తెరవాలి. అప్పుడు పొగ గొట్టంలోంచి పైకి పోతుంది. ఆరో తలుపు తెరిస్తే ఆ పొగంతా మనుషులు పనిచేసే ఆరో సొరంగంలోకి పోతుంది. ఇంత తేలిక ప్రశ్నకు ఆరో తలుపు తిట్టు ఇప్పటికి పదకొండు వేల నాలుగు వందల సార్లు మోగింది. ఊళ్ళో పెద్దవాళ్ళం నాలుగు వందల పన్నెండు మందిమి. అంటే మనిషికి ఇరవై ఏడుసార్లు చొప్పున తప్పారు. ఇంతమంది మొద్దుల మధ్య బతుకుతున్నానా అని ఒళ్ళు మండింది. పాత తిట్టు తీసేసి ఇంకాస్త ఘాటుగా కొత్తది రికార్డు చేసి పెట్టాను.

ఎంట్రీ 2. మే 4

కొత్త తిట్టు ఒక్కరోజులో మూడు వందల పదిసార్లు మోగింది. ఇలాంటివాళ్ళకు తిట్లు కూడా దండగ.

సమ్మక్క షిఫ్టు దిగి వచ్చింది. పుట్టగొడుగుల కూర చేస్తే, మళ్ళీ ఇదేనా అని మూతి ముడుచుకుని తిన్నది. దాని వంతు ఈ నెలంతా గాలి తలుపుల గదిలో. ఉగాదికి ఆ గదిలో పాత ఇనుప చక్రాలు పీకేసి కొత్త ప్యానెల్ పెట్టారు. అది అచ్చం మన ప్రాక్టీసు తెర లాగే ఉంటుంది. అవే రంగులు, అవే బటన్లు, అదే సైరన్. నేర్చుకున్నట్టే నొక్కితే సరిపోతుందని కమిటీ వాళ్ళు మురిసిపోయి మీటింగు కూడా పెట్టారు. నన్ను పిలిచి శాలువా కప్పారు.

"ప్యానెల్ మంచిగున్నదానే?" అని అడిగాను.

"చూడకుంట నొక్కుత అత్తా. చెయ్యే పోతది," అంది.

పరీక్షలో దానికి తొంభై ఏడు. కోర్సు మొత్తానికి అదే ఫస్ట్. నాకు గర్వమే, ఎందుకు దాచాలి.

తింటూ తింటూ ఫ్యాన్ల మెకానిక్ రాజలింగును తిట్టింది. ఇది షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని ఆయన రాసిచ్చాడట. క్యాంటీన్లో అందరి ముందూ ఆయన్ను పట్టుకుని, "నీ సంగతి చూస్త," అని కూడా అందట. రాజలింగు నాకంటే ఏడేళ్ళు పెద్ద, మా అన్న స్నేహితుడు. నోరు అదుపులో పెట్టుకోమని నేనూ నాలుగు అంటించాను. నా నోరే దానికీ వచ్చింది, ఎవరిని ఏమనాలి.

ఎంట్రీ 3. మే 6

ఎలా రాయాలో తెలియడం లేదు.

పొద్దున పదకొండున్నరకు ఐదో సొరంగంలో పాత బొగ్గు పొర రాజుకుంది. సైరన్ మోగింది. తలుపుల గదిలో సమ్మక్క ఒక్కతే ఉంది. అది ఐదో తలుపు తెరవలేదు, ఆరో తలుపు తెరిచింది. ఆరో సొరంగంలో రాజలింగు ఒక్కడే ఫ్యాను బేరింగు మారుస్తున్నాడు. పొగంతా ఆయన మీదికి పోయింది. బయటికి లాగేసరికి స్పృహ లేదు. ఇప్పుడు ఆస్పత్రిలో ఊపిరి గొట్టం మీద ఉన్నాడు. బతుకుతాడో లేదో రెండు రోజులైతే గానీ చెప్పలేమన్నారు.

సమ్మక్కను కమిటీ గదిలో కూర్చోబెట్టారు. నేను వెళితే లోపలికి రానివ్వలేదు.

తొంభై ఏడు మార్కుల పిల్ల. చూడకుండా నొక్కుతానన్న పిల్ల. నాకు ఏమీ అర్థం కావడం లేదు.

ఎంట్రీ 4. మే 7

కమిటీ అధ్యక్షుడు బానయ్య నన్ను పిలిపించాడు. మంచివాడే కానీ మాట తూకం వేసి మాట్లాడతాడు. ప్యానెల్ రికార్డు నా ముందు పెట్టాడు. పదకొండు ముప్పై ఒకటికి సైరన్. రెండు సెకన్లకు ఆరో తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత తొమ్మిది సెకన్లు ఏమీ లేదు. పదో సెకనులో ఆరో తలుపు మూసి ఐదోది తెరిచింది.

"పొరపాటైతె ఏంజేస్తరక్కా? తెలువంగనే మూస్తరు. ఈ పిల్ల తొమ్మిది సెకండ్లు చేతులు కట్టుకోని నిలబడ్డది. కెమెరాల చూసిన. చెయ్యి కదపలే. తలకాయ ఇట్ల పక్కకు వంచి నిలబడ్డది. మొన్ననే ఆయనను అందరి ముందట బెదిరిచ్చింది. నువ్వు నా జాగల ఉంటె ఏమనుకుంటవ్?"

ఆయన ఆ రికార్డు వెనక్కి తీసుకున్నాడు.

"పన్నెండు తారీఖు కూసుంటం. కావాల్ననే చేసిందని తేలితె పైకి పంపుడే. నాకు వేరే తొవ్వ లేదు."

పైకి అంటే సోలార్ పలకలు తుడిచే పని. మే నెలలో. పోయినేడు నలుగురిని పంపారు, ఒక్కడు తిరిగొచ్చాడు. వాడికి ఇప్పుడు మనుషులు గుర్తుండరు.

ఎంట్రీ 5. మే 8

సమ్మక్కతో మాట్లాడటానికి పావుగంట ఇచ్చారు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. నేను వెళ్ళగానే ముందు అడిగింది రాజలింగు గురించే.

"పెదనాయిన లేచిండా అత్తా?"

లేదన్నాను. ఆరో తలుపు ఎందుకు తెరిచావే అని అడిగాను.

"ఐదోదని నాకు తెలుసత్తా. సైరన్ మోగినప్పుడు గూడ తెలుసు. చెయ్యే ఆరో దాని మీదికి పోయింది."

"మరి తొమ్మిది సెకండ్లు ఎందుకు నిలబడ్డవ్? వెంటనే మూయద్దా?"

"ఏమో. దేనికోసమో చూసిన. ఇంకేదో అయితదని, అయినంక ఐదోది నొక్కాల్నని అనిపించింది. ఏం కాలే. అప్పుడు తెలివికొచ్చిన."

"దేనికోసం చూసినవే?"

"తెలుస్తలేదత్తా. నేను మంచిదాన్ని కాదేమో."

చెంప మీద ఒకటి వేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ మాట అన్నందుకు. దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. పావుగంట అయిపోయిందన్నారు.

ఎంట్రీ 6. మే 9

ఇవాళ తెలిసింది. రాయకపోతే పిచ్చెక్కేటట్టుంది.

మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని ఉన్నాను. పక్కింటి వీరమణి క్యాంటీన్లో వంట చేస్తుంది. మా రెండిళ్ళ మధ్య ఉన్నది పలచటి రేకు గోడ. వాళ్ళింట్లో ప్రాక్టీసు నడుస్తోంది. నా గొంతు వినిపించింది, తిట్టింది. మళ్ళీ నా గొంతు, ఇంకో తిట్టు. మళ్ళీ మూడోది. అప్పుడు గంట. తర్వాతి ప్రశ్నకూ అంతే. మూడు తిట్లు, గంట. ఆ తర్వాతి దానికీ అంతే.

పదమూడేళ్ళుగా ఆ గోడ ఇవతల కూర్చుని ఇది వింటూనే ఉన్నాను. పాపం వీరమణికి బుర్ర తక్కువ అనుకునేదాన్ని. ఇవాళ మొదటిసారి లెక్కపెట్టాను. తెలియనివాళ్ళు ఒకసారి మొదటే సరిగ్గా నొక్కుతారు, ఒకసారి రెండోసారి నొక్కుతారు. ప్రతి ప్రశ్నకూ మూడు తప్పులు చేసి చివర్లో సరైనది నొక్కాలంటే, ఏది సరైనదో ముందే తెలిసి ఉండాలి.

చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళింట్లోకి వెళ్ళాను. వీరమణి, వాళ్ళాయన, ఇద్దరు ఆడపిల్లలు పళ్ళెంలో వేయించిన శనగలు పెట్టుకుని తెర ముందు కూర్చున్నారు.

"జవాబు తెలిసి గూడ తప్పు నొక్కుతున్నవా వీరమణీ?" అన్నాను.

ఆమె సిగ్గుపడి నవ్వింది. "తెల్వక కాదక్కా. సరైంది నొక్కితే గంట కొట్టి పోతది. తప్పు నొక్కితే నువ్వు మాట్లాడ్తవ్. మూడు తిట్లు ఇనకుంట గంట కొట్టిస్తే మా ఇంట్ల ఊకుంటరా? మార్కులు లేవాయె. ఎవరు చూడరాయె."

"మీ ఇంట్లనేనా?"

"అందరిండ్లల్ల అంతే. పదిహేడో దానికి మొన్న కొత్తది పెట్టినవ్ గద, మా చిన్నది నాలుగుమాట్ల ఇన్నది. నీకు తెల్వదా అక్కా?"

నాకు తెలియదు. ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు. నాకెవరు చెబుతారు, చెబితే తిడతానని.

ఇంటికొచ్చి పదిహేడో ప్రశ్న ఫైలు తెరిచాను. ఆరో తలుపు తిట్టు. "ఆరో తలుపా? ఎవడు చెప్పిండు నీకు? ఆడ మనుషులు పనిచేస్తున్నరని బోర్డు కనబడతలేదా? కండ్లు ఇంట్ల పెట్టి వచ్చినవా? మూసెయ్. మూసి ఐదోది తియ్." ఫైలు పక్కన నిడివి ఉంటుంది. పదమూడేళ్ళలో దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. మొన్న తీసేసిన పాతదానికీ ఇదే నిడివి.

తొమ్మిది సెకన్లు.

ఆ పిల్ల తల పక్కకు వంచి నిలబడింది నా గొంతు కోసం. తప్పు నొక్కింది, ఎప్పటిలాగే. నేను తిట్టాలి, ఆ తర్వాత ఐదోది నొక్కాలి. అక్కడ నేను లేను. నిజం ప్యానెల్‌కు గొంతు లేదు. పాత ఇనుప చక్రాలున్నన్నాళ్ళూ ఈ అలవాటు ఎవరినీ ఏమీ చేయలేదు, ఎందుకంటే అవి ప్రాక్టీసు తెరలా ఉండేవి కావు. పరీక్షలోనూ బయటపడలేదు, ఎందుకంటే పరీక్ష కాగితం మీద రాస్తారు. ప్యానెల్‌ను తెర లాగే చేసి పెట్టి నాకు శాలువా కప్పారు.

సమ్మక్క ఒక్కతే కాదు. నాలుగు వందల పన్నెండు మంది. వాళ్ళలో ఎవరు ఆ గదిలో ఉన్నా అదే చేసేవాళ్ళు.

ఎంట్రీ 7. మే 11

రెండు రోజులుగా ఈ మాట మింగలేక కక్కలేక ఉన్నాను. నిజం చెబితే సమ్మక్క బయటపడుతుంది. కానీ కమిటీ వెంటనే అనే మాట నాకు తెలుసు: మార్కులు లేనందుకే ఇట్ల అయింది, ప్రతి జవాబూ లెక్కపెట్టండి అంటారు. మళ్ళీ గోడ మీద పేర్లు. మళ్ళీ మా అన్నలాంటివాళ్ళు పక్కవాళ్ళను చూసి నొక్కుతారు.

నాకు స్వార్థం కూడా ఉంది. ఈ ఊళ్ళో నా గొంతు కోసం నాలుగు వందల మంది శనగలు పెట్టుకుని కూర్చుంటారని తెలిసినప్పుడు, ఆ భయంలోనూ ఒక్క క్షణం సంతోషమేసింది. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి కాబట్టి రాశాను.

ప్యానెళ్ళు బిగించే మెకానిక్‌ను బతిమాలి, తలుపులకు కనెక్షన్ లేని స్పేర్ ప్యానెల్ ఒకటి రేపటికి అడిగాను. ఎందుకని అడిగాడు. తిడితే తెచ్చిస్తానన్నాడు.

ఎంట్రీ 8. మే 12

కమిటీ ఐదుగురు ఒకవైపు, సమ్మక్క ఒకవైపు. నేను లేచి ఉన్నదంతా చెప్పాను. బానయ్య ఓపిగ్గా విన్నాడు.

"మంచిగ చెప్పినవక్కా. మేనకోడలి కోసం చెప్పినవ్. గని నమ్మేటట్టున్నదా? చిన్న పోరగాండ్లు చేస్తరేమో. పెద్దోళ్ళు సైరన్ మోగినప్పుడు నీ తిట్ల కోసం చూస్తరా?"

"నన్ను నమ్మకు. ఆ పక్క గదిల ఒక ప్యానెల్ పెట్టిన. ఒక్కొక్కరు ఒంటరిగ లోపటికి రాండ్రి. ఏం నొక్కాల్నో ముందుగాల చెప్పను. గుమస్తా గడియారం పట్టుకుంటడు."

ఆయన మిగతావాళ్ళ వైపు చూశాడు. నా మీద జాలితో ఒప్పుకున్నాడని మొహంలోనే తెలిసింది.

మొదట స్వరూప వచ్చింది. కమిటీలో ఆమే చిన్నది, ముప్పై ఏళ్ళుంటాయి. తలుపు వేయగానే సైరన్ మోగించాను. "ఐదో సొరంగంల పొగ," అన్నాను, అంతే. ఆమె చెయ్యి ఆరో బటన్ మీదికి వెళ్ళింది. నొక్కింది. ఆగింది. తల కొంచెం కుడివైపుకు వంచింది. మన తెరలకు స్పీకరు కుడివైపే ఉంటుంది.

గుమస్తా గడియారం చూస్తున్నాడు. తొమ్మిది అయ్యాక ఆమె ఉలిక్కిపడి ఐదోది నొక్కింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

రెండో ఆయన ఆరో తలుపు, తొమ్మిది. మూడో ఆయన నాలుగో తలుపు నొక్కి ఏడు సెకన్లు ఆగాడు. ఆ తిట్టు నిడివి అంతే. ఆయనకు అదంటే ఇష్టమట. నాలుగో ఆమె ఆరు, తొమ్మిది. వచ్చినవాళ్ళు ఎవరూ తిరిగి హాల్లోకి వెళ్ళలేదు, గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

చివర బానయ్య వచ్చాడు. గదిలో నలుగురి మొహాలు చూసి ఏదో అనబోయాడు. సైరన్ మోగింది. ఆయన ఆరోది నొక్కాడు. తల వంచాడు. అరవై మూడేళ్ళ మనిషి, ఊరంతటికీ తీర్పు చెప్పే మనిషి, మూగ ప్యానెల్ ముందు చెవి పెట్టి నిలబడ్డాడు. ఎవరమూ కదల్లేదు. తొమ్మిది సెకన్లు ఇంత పొడుగుంటాయని నాకు తెలియదు.

ఐదోది నొక్కి, తన చేతిని చూసుకున్నాడు.

"ఐదోదని నాకు తెలుసు," అన్నాడు. "మొదటి దినం సంది తెలుసు."

సమ్మక్క అన్న మాటే. ఆ పిల్లను వెంటనే వదిలేశారు. ప్యానెల్ గదిలో ఇద్దరిద్దరిని పెట్టమని ఆర్డరు రాశారు.

బయటికొస్తుంటే బానయ్య నన్ను ఆపాడు. ఆయన మొహంలో ఇంకా నెత్తురు లేదు. "ప్రాక్టీసు జవాబులు ఇగ లెక్కపెడతం, లేకుంటె నీ గొంతు తీసేస్తం. రెండిట్ల ఒకటి. పంతొమ్మిది దాంక టైము. నువ్వే చెప్పు."

ఎంట్రీ 9. మే 15

నేనా తలవంచేది. రెండూ ఉంచుకునే ఉపాయం కనిపెట్టాను.

తప్పు నొక్కితే ఏమీ రాదు. సరైనది నొక్కితేనే తిడతాను! "తెలిసిపాయెనా? ఇన్ని దినాలు ఏడ పండుకున్నవ్?" అని. తిట్టు వినాలంటే మొదటే సరైనది నొక్కాలి. నెల తిరిగేసరికి ఊరందరి చేతులూ సరైనదాని మీదికి పోతాయి. మార్కులు అక్కర్లేదు, నా గొంతూ ఉంటుంది. నలభై తిట్లు రికార్డు చేశాను. సమ్మక్కకు వినిపిస్తే, ఇన్నాళ్ళకు నవ్వింది.

"అత్తా, నువ్వు మారవు," అంది.

మారను. ఎందుకు మారాలి. రేపు వీటిని బానయ్యకు చూపిస్తాను.

ఎంట్రీ 10. మే 17

నిన్న బానయ్య దగ్గరికి పోలేదు. రాజలింగుకు ఊపిరి గొట్టం తీశారని, మాట్లాడుతున్నాడని కబురు వచ్చింది. ఇవాళ నన్నూ సమ్మక్కనూ రమ్మన్నాడు.

మనిషి సగమయ్యాడు. గొంతు బొంగురు. సమ్మక్క ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "పెదనాయినా, నన్ను మన్నించు," అని ఏడ్చింది. ఆయన చెయ్యి ఎత్తి దాని నెత్తి మీద పెట్టాడు. "బానయ్య వచ్చి అంత చెప్పిండు బిడ్డా. నీ తప్పు లేదు."

తర్వాత నా వైపు తిరిగాడు. "నీకొకటి చెప్పాల్నని పిలిపిచ్చిన కనకచెల్లె. ఇంకెవ్వరికి చెప్పలే."

ఏమిటన్నాను.

"పొగ ముసుగు నా నడుముకే ఉండె. ఏసుకోనీకి మూడు సెకండ్లు పట్టదు. ముప్పై ఏండ్లసంది ఏసుకుంటున్న. పొగ నా మీదికి వచ్చేదాంక మస్తు టైముండె."

"మరి ఎందుకు వేసుకోలే అన్నా?"

"తలుపు లేచింది. చూసిన. అరె, ఆరోది తెరిసిన్రు, తప్పు నొక్కిన్రు అనుకున్న. ఇగ కనకచెల్లె తిడతది అనుకున్న." కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నిలబడ్డ. నువ్వు తిడతవని నిలబడ్డ. నవ్వుకుంట గూడ ఉన్న."

ఆ తర్వాత ఆయన ఇంకేదో అన్నాడు, వినిపించలేదు. సమ్మక్క నన్ను పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

ఏ తిట్టు ఏ జవాబుకు పెట్టానన్నది కాదు సంగతి. తప్పు జరిగితే ఎవరో మాట్లాడతారని, అందాకా ఆగాలని నేర్పాను. నొక్కిన పిల్లా ఆగింది, లోపలున్న మనిషీ ఆగాడు. మార్కులు లేకపోతే భయముండదు, అది చాలనుకున్నాను. తప్పు నొక్కిన ప్రతిసారీ నేను వచ్చి నిలబడ్డాను. మా అన్న దగ్గర ఆ రోజు ఎవరూ లేరన్న బాధతోనే వచ్చాననుకుంటాను. కానీ ఊళ్ళో ఎవరికీ ఒంటరిగా తప్పు దిద్దుకోవడం రాకుండా చేశాను.

ఎంట్రీ 11. మే 18

పొద్దున్నే మెషిన్ తెరిచాను. రెండు వందల పన్నెండు ప్రశ్నలు, ప్రశ్నకు మూడు చొప్పున ఆరు వందల ముప్పై ఆరు తిట్లు. మొన్నటి నలభై కూడా. ఒక్కొక్కటీ వినకుండా తుడిచేశాను, వింటే చెయ్యి ఆడదని తెలుసు. మధ్యాహ్నానికి అయిపోయింది. ఇప్పుడు తప్పు నొక్కితే ఎక్కడ తప్పారో తెర మీద ఒక్క లైను వస్తుంది, అంతే. గొంతు లేదు. మార్కులు మాత్రం పెట్టవద్దని, జవాబులు చూడవద్దని బానయ్యకు రాసిచ్చాను. సంతకం పెట్టాడు.

వీరమణి గోడ అవతల నుంచి, "అక్కా, మా తెర ఖరాబైంది, నువ్వు వస్తలేవు," అంది. నేను ఇక రానని చెప్పాను. వాళ్ళ తెర ఆపేసిన చప్పుడు వినిపించింది.

సమ్మక్క వచ్చి నా వెనక కుర్చీలో కూర్చుంది. అన్నీ పోయాయో లేదో చూడాలి కదా, పదిహేడో ప్రశ్న తెరిచాను. సైరన్ మోగింది. ఆ ప్రశ్న రాసిందే నేను. పరీక్షించడానికి ఆరో తలుపు నొక్కాను. ఏమీ వినిపించలేదు. తెర మీద ఆ ఒక్క లైనూ వచ్చింది. అంతా సరిగ్గానే ఉంది.

"అత్తా," అని వెనక నుంచి మెల్లగా పిలిచింది సమ్మక్క. "తొమ్మిది సెకండ్లాయె."

చూసుకుంటే నా చెయ్యి గాల్లోనే ఉంది. తల కుడివైపుకు వంగి ఉంది.

ఐదోది నొక్కాను. గంట కొట్టింది. సమ్మక్క కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చింది. ఇద్దరం మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.